చెప్పేవాళ్ళంతా మనవాళ్ళే

మా బస్టాండులో ఆమెని అందరూ ఎంక్వైరీ అక్కయ్య అంటారు. డ్రైవర్లూ, కండక్టర్లూ, ఊడ్చేవాళ్ళూ, చివరికి ఆమెకంటే వయసులో పెద్దవాడైన డిపో మేనేజరు కూడా అంతే. ఆమె ఎంక్వైరీ కిటికీ, నా రిజర్వేషన్ కిటికీ పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఒక చెక్క అడ్డం, దానిపైన జానెడు ఖాళీ. టీ గ్లాసులూ, కబుర్లూ అందులోంచే అటూ ఇటూ వెళ్తుంటాయి. అందుకని ఈ కథలో సగం నేను చూసింది, మిగతా సగం ఆ చెక్క మీదుగా విన్నది.

అక్కయ్య పద్ధతి ఒక్కటే. అడిగినదానికి జవాబు చెబుతుంది, అడగనిది చెప్పదు. ఒకసారి ఒక పెద్దమనిషి భార్యని ఒక ప్లాట్‌ఫారం మీదా, సామాన్లు ఇంకో ప్లాట్‌ఫారం మీదా పెట్టి వచ్చి, రెండు బస్సుల్లో ఏది ముందు కదులుతుందని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన సామాన్ల వైపు పరుగు తీశాడు.

"మరి ఆవిడ సంగతో?" అన్నాను నేను ఉండబట్టలేక.

"అడిగాడా?" అంది అక్కయ్య.

ఆమె భర్త ఇందుకు పూర్తిగా భిన్నం. ఆయన్ని మేము బోర్డుల మాస్టారు అనేవాళ్ళం. బస్సుల నుదుటి మీద ఊరి పేరు రాసిన రేకు బోర్డులుండేవి చూడండి, అవన్నీ ఆయన చేతివే. లైట్ల బోర్డులు వచ్చాక ఆ పని పోయింది, దుకాణాలకి రాసుకునేవాడు. కబుర్లంటే ప్రాణం ఆయనకి. ఎవరేం చెప్పినా "నిజమే సుమండీ" అనేవాడు. ఒకే పూట ఇద్దరు వచ్చి ఒకదానికొకటి పొసగని రెండు సంగతులు చెప్పినా, ఇద్దరికీ నిజమే సుమండీ అని, ఇద్దరికీ టీ ఇచ్చి పంపేవాడు.

ఆయన జబ్బు చెప్పులతో మొదలైంది. చెప్పులు బిగుతయ్యాయని కొత్తవి కొన్నాడు. కొన్నాళ్ళకి అవీ బిగుతయ్యాయి. దుకాణంవాడు మోసం చేశాడని తిట్టుకుంటూ ఇంకో జత కొనబోతుంటే అక్కయ్య ఆయన పాదం మీద బొటనవేలితో నొక్కి చూసింది. పడిన గుంట ఎంతసేపటికీ పూడలేదు. ఆసుపత్రికి తీసుకెళితే, రెండు కిడ్నీలూ చడీచప్పుడూ లేకుండా ఎప్పుడో చేతులెత్తేశాయని తేలింది. ఇక వారానికి మూడుసార్లు మిషన్ మీద పడుకోవాలి. అది ఒంట్లో రక్తాన్ని బయటికి తీసి, కడిగి, మళ్ళీ లోపలికి పంపుతుంది. నీళ్ళు కొలుచుకుని తాగాలి. ఉప్పు తగ్గించాలి. పళ్ళు, పళ్ళరసాలు డాక్టరమ్మని అడక్కుండా ముట్టకూడదు.

ఈ సంగతి పొక్కిన రోజునుంచి ఎంక్వైరీ కిటికీ దగ్గర వరస తిరగబడింది. ఇన్నాళ్ళూ జనం వచ్చి అడిగితే ఆమె చెప్పేది. ఇప్పుడు ఆమె అడక్కుండానే జనం వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. నీళ్ళు బాగా తాగించమని ఒక కండక్టరు. నీళ్ళు పూర్తిగా మాన్పించమని అదే బస్సు డ్రైవరు. ఆ బస్సు బయల్దేరకుండా ఆ ఇద్దరూ కిటికీ ముందు వాదించుకుంటుంటే లోపలున్న ప్రయాణికులు దిగివచ్చి చెరోవైపూ చేరారు. రాగి కడియం పెడితే కిడ్నీలు లేచి కూర్చుంటాయని ఒకాయన వివరంగా చెబుతూ చెబుతూ తన బస్సు పోగొట్టుకున్నాడు. ఆ బస్సు కదులుతోందని అక్కయ్యకి తెలుసు. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

కిటికీ దగ్గరైతే గాజు అద్దం అడ్డం ఉంది. ఇంట్లో ఏముంది?

ఇంటికి ముఖ్యంగా ముగ్గురు వచ్చేవాళ్ళు. పైఅంతస్తులో ఉండే ఒకాయన, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. లోకంలో అన్ని జబ్బులకీ గాలి సరిగ్గా పీల్చకపోవడమే కారణమని ఆయన నమ్మకం, అందుకని గాలి మాస్టారు అని పేరు. వచ్చి కుర్చీలో కూర్చుని ముక్కుతో బుస్సుమని పీల్చి చూపించేవాడు. కిందివాటాలో ఉండే పిన్నిగారికి ప్రతి జబ్బుకీ ఒక ఉదాహరణ ఉండేది.

"మా తోడికోడలి తమ్ముడికీ అచ్చం ఇలాగే వచ్చిందమ్మా. ఒక్క ఆకు కషాయంతో లేచి తిరిగాడు" అంది ఒకరోజు.

"ఇప్పుడెలా ఉన్నాడు?" అని అక్కయ్య అడిగింది.

"పోయాడు" అంది పిన్నిగారు తృప్తిగా. "కానీ తిరిగాడు."

మూడోవాడు సొంత మరిది, బోర్డుల మాస్టారి తమ్ముడు. కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం చేసి దిగిపోయాడు. భార్య పోయి కొన్నేళ్ళయింది, ఒక్కడే ఒక గదిలో ఉంటాడు. పొద్దున్న లేస్తే ఫోనులో వీడియోలు చూడటం, పళ్ళు తోముకునేలోపు వాటిని అన్నయ్యకి పంపడం. సాయంత్రం స్వయంగా వచ్చి, పంపినవి చూశాడో లేదో పరీక్ష పెట్టేవాడు. మాస్టారు ఒక్కటీ చూసేవాడు కాదు. "నిజమే రా, భలే చెప్పాడు" అనేవాడు.

అక్కయ్య డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి ముగ్గురూ ఉండేవాళ్ళు. ఆయన్ని అడగాల్సినవి నాలుగు మాటలుంటాయి ఆమెకి. మందు వేసుకున్నారా, ఆయాసంగా ఉందా, ఎన్ని నీళ్ళు తాగారు, చెయ్యి నొప్పెడుతోందా. ఆ నాలుగూ అడగడానికి వంటింట్లో నిలబడి వీళ్ళు వెళ్ళేదాకా కాచుకునేది. 

ఒకరోజు మరిది ఒక ప్యాకెట్టు తెచ్చాడు. పైన ఎర్రటి గుండె బొమ్మ ఉంది.

"ఉప్పు వదినా! మామూలుది కాదు, సోడియం తక్కువ. పాపం అన్నయ్య ఎన్నాళ్ళు చప్పిడి తింటాడు? ఇది ఎంతైనా వేసుకోవచ్చు. డాక్టర్లు చెప్పరులే, చెబితే వాళ్ళకెలా గడుస్తుంది?"

"ఉప్పు తగ్గించమన్నారు, మార్చమన్లేదు. తీసుకెళ్ళు" అంది ఆమె.

అతను బుద్ధిగా తలూపి ప్యాకెట్టు సంచిలో పెట్టుకున్నాడు. మర్నాడు ఆమె డ్యూటీలో ఉండగా వచ్చి, ఉప్పు డబ్బా ఖాళీ చేసి, అందులో దాన్ని పోశాడు. వదినకి తెలియకుండా మేలు చేద్దామని. మాస్టారు కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు. నాలుక చచ్చిపోయిన మనిషికి దారి దొరికింది. ఆమె లేని పూటల్లా అన్నం మీద చిటికెలు చిటికెలుగా చల్లుకుని తిన్నాడు.

వారం తిరక్కముందే ఒక మధ్యాహ్నం అక్కయ్య ఫోను మోగింది. అప్పుడామె మైకులో ఒక బస్సు గురించి చెబుతోంది. ఊరి పేరు సగం చెప్పి ఆపేసింది. చెక్క మీదుగా చూస్తే కుర్చీ ఖాళీ. మిగతా సగం నేను వెళ్ళి చెప్పాను.

మాస్టారికి కాళ్ళు లేవడం లేదు. కుర్చీలోంచి లేవబోతే తన కాళ్ళు తనవి కానట్టున్నాయట. గుండె ఒకసారి పరిగెడుతోంది, ఒకసారి ఆగి చూస్తోంది. ఆసుపత్రిలో హడావుడిగా సూదులు వేసి, మిషన్ మీదికి ఎక్కించారు. కాస్త తేరుకున్నాక డాక్టరమ్మ వచ్చింది.

"రక్తంలో పొటాషియం విపరీతంగా ఉంది. ఏం తిన్నారు? కొత్తగా ఏమైనా?"

"ఏం లేదండీ" అన్నాడు మాస్టారు.

"ఏమీ పెట్టలేదండీ" అంది అక్కయ్య.

మంచం కాళ్ళవైపు నిలబడ్డ మరిది కాస్త గర్వంగానే నోరు విప్పాడు. "ఉప్పు కూడా మంచిదే వాడుతున్నాం డాక్టరుగారూ. సోడియం తక్కువది."

డాక్టరమ్మ అతని వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "ఆ ఉప్పులో సోడియం కొంత తీసేసి దాని చోట పొటాషియం పెడతారు. మామూలు మనిషైతే కిడ్నీలు దాన్ని బయటికి పంపేస్తాయి. ఈయనకి పంపేవాళ్ళు లేరు. ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయేది."

వరండాలోకి వచ్చాక మరిది గోడకి చేరగిలబడి ఏడ్చాడు.

"నా అన్నయ్య బాగుండాలనే కదా వదినా, అంతకు మించి నా మనసులో ఏమన్నా ఉందా?"

"ఏం లేదు. నాకు తెలుసు" అంది ఆమె. "దొంగైతే తలుపేసుకునేదాన్ని."

అతను కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ముక్కు చీదుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఇలా గుండె దడ వచ్చినప్పుడు ఒక పొడి ఉందట వదినా..."

ఆమె లోపలికి వెళ్ళి, మంచం మీదున్న భర్తతో అంది. "ఇంటికి వెళ్ళగానే నాకొక బోర్డు రాసిపెట్టాలి మీరు."

రాశాడు. తెల్లటి రేకు మీద నీలం అక్షరాలు, వెనక సన్నటి నీడ. అక్షరం అక్షరానికీ ఆగి ఆయాసం తీర్చుకుంటూ రాశాడు. 'ఈ ఇంట్లో సలహాలు చెప్పరాదు.' చిన్నగా రాయమంటే, చాలా కాలానికి దొరికిన పని కదా, తలుపులో సగం వచ్చేంత రాశాడు.

బోర్డు పెట్టిన రోజు సాయంత్రం తలుపు ముందు చిన్న గుంపు చేరింది. ఎరుపుతో రాస్తే దూరానికి కనపడేదని ఒకరు, రేకు కాకుండా చెక్కైతే తుప్పు పట్టదని ఒకరు, 'దయచేసి' అని ఒక మాట చేరిస్తే మర్యాదగా ఉండేదని పిన్నిగారు. గాలి మాస్టారు రెండుసార్లు చదివి, అక్కయ్యని పక్కకి పిలిచాడు.

"ఇది మమ్మల్ని ఉద్దేశించి కాదు కదమ్మా?"

"మిమ్మల్నేనండీ" అంది.

ఆయన ముక్కుతో ఒక్కసారి గట్టిగా పీల్చి, మేడెక్కి వెళ్ళిపోయాడు.

బోర్డు బ్రహ్మాండంగా పనిచేసింది. అందరూ రావడం మానేశారు. మరిది ఫోను కూడా మూగబోయింది. "ఇప్పుడు హాయిగా ఉంది తమ్ముడూ" అని చెక్క మీదుగా నాతో అంది. ఆ హాయి ఎక్కువ కాలం నిలవలేదు. ఆమె ఇంటికి వెళ్ళేసరికి మాస్టారు టీవీ పెట్టుకుని, గోడవైపు చూస్తూ కూర్చునేవాడు. అడిగిన నాలుగు మాటలకీ నాలుగు జవాబులు. తిండి సగం వదిలేసేవాడు. ఒకరోజు మిషన్‌కి వెళ్ళే పూట బట్టలు మార్చుకోకుండా మంచం మీదే ఉండిపోయాడు.

"ఈరోజు రాను. వెళ్ళి ఏం సాధించాలి?"

"ఏమండీ, అలా అంటే ఎలా?"

"మరెలా అనాలి? డాక్టరమ్మ అంకెలు చెబుతుంది. నువ్వు నీళ్ళు లెక్కపెడతావు. ఇద్దరూ నన్ను ఈ వారం దాటించాలని చూస్తారు. తప్పు కాదు, అంతకంటే మీ చేతిలో ఏముంది?" ఆయన తలుపు వైపు చెయ్యి చూపించాడు. "వాళ్ళేనోయ్, మళ్ళీ నిచ్చెనెక్కి బోర్డు కడతావు అని నాతో అనేది. అబద్ధమని నాకు తెలీదా? ఆకు కషాయంతో కిడ్నీలు లేస్తాయని నేనెప్పుడైనా నమ్మానా? చెప్పించుకుంటుంటే బాగుండేది. అంతే."

"ఉప్పు మాత్రం నమ్మారుగా."

"ఉప్పు నమ్మలేదు" అన్నాడాయన. "తిన్నాను."

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆరోజు ఎలాగో బతిమాలి తీసుకెళ్ళింది. మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని అంతా ఆలోచించింది. చెప్పేవాళ్ళని రానిస్తే మొగుడు దక్కడు. రానివ్వకపోతే మనిషి దక్కడు. వచ్చేవాళ్ళకి చేతులు ఖాళీగా ఉండటం వల్లే నోరు పనిచేస్తోందని ఆమెకి తోచింది. వట్టి చేతుల్తో వచ్చి జబ్బుమనిషి ముందు కూర్చోవడం ఎవరికైనా కష్టమే, ఏదో ఒకటి అనాలిగా మరి.

ఇంటికొచ్చి ఆయన చేత బోర్డు మార్పించింది. 'సలహాలు పని చేస్తూ చెప్పవలెను.' తర్వాత తనే మేడెక్కి, కిందికి దిగి, ఇంటింటికీ వెళ్ళి పిలిచింది.

పిన్నిగారికి కూరగాయల పని ఒప్పజెప్పింది. కిడ్నీ జబ్బువాళ్ళకి కూరగాయలు సన్నగా తరిగి, బోలెడు నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండాలి. అలా చేస్తే వాటిలో పొటాషియం తగ్గుతుంది. పిన్నిగారు తరుగుతున్నంతసేపూ తన చుట్టాల జబ్బులు వరసగా చెప్పేది. ఎంతైనా చెప్పుకోమని అక్కయ్య వదిలేసింది. ముక్కలు మాత్రం సన్నగా ఉండాలంది. గాలి మాస్టారికి మెట్లు అప్పజెప్పింది. మిషన్‌కి వెళ్ళే రోజుల్లో బోర్డుల మాస్టారిని చెయ్యి పట్టి మెట్లు దింపి, బండెక్కించి, తిరిగొచ్చాక మళ్ళీ ఎక్కించాలి. మెట్టు మెట్టుకీ పీల్చు, వదులు అంటూ దింపేవాడు. మాస్టారు పీల్చేవాడో లేదో గానీ, ఆయన మాటల ధ్యాసలో మెట్లు అయిపోయేవి. కొందరు చుట్టాలు కొత్త బోర్డు చదివి, పనుందని గుర్తొచ్చి వెనక్కి తిరిగారు. వాళ్ళ కోసం ఆమె బెంగపెట్టుకోలేదు.

మరిదికి ఆసుపత్రి పని ఇచ్చింది. ఆమెకి డ్యూటీ ఉన్న రోజుల్లో మిషన్ పక్కన అతను కూర్చోవాలి. తినేది గానీ, పూసేది గానీ ఏదీ తేకూడదు. అతను ఉత్సాహంగా వెళ్ళాడు. చొక్కా జేబులో ఫోను, ఫోనులో చూపించాల్సిన వీడియోలు. నర్సమ్మ వచ్చి మాస్టారి చేతి నరంలోకి సూది దించింది. అది చీపురుపుల్లంత లావుంటుంది. ఒకటి దించి రెండోది తీసుకునేలోపు, వెనక దభీమని చప్పుడైంది. లోకంలోని కిడ్నీలన్నిటినీ బాగుచేసినవాడు నేల మీద వెల్లకిలా ఉన్నాడు. లేపి, పక్క మంచం మీద పడుకోబెట్టి, మొహాన నీళ్ళు చల్లారు. కళ్ళు తెరిచి అన్నయ్య చేతి వైపు చూశాడు.

"ప్రతిసారీ ఇలాగే గుచ్చుతారా అన్నయ్యా?"

"ప్రతిసారీను."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు చెబుతుంటివి కదరా. ఖాళీ ఏది?"

ఆ తర్వాత అతని వీడియోలు పలచబడ్డాయి. కొన్ని నెలలకి ఒకరోజు డాక్టరమ్మ గదికి ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, తన కిడ్నీ ఒకటి అన్నయ్యకి ఇస్తానన్నాడు. జీవితంలో అతను మొదటిసారి నిక్షేపంలాంటి మాట చెప్పాడని డాక్టరమ్మే అక్కయ్యకి ఫోను చేసి చెప్పింది. పరీక్షలు చేశారు. షుగరు, అదీ ఎంతో కాలంగా ఉన్న షుగరు, దానికి తోడు బీపీ. కిడ్నీ ఇవ్వడం మాట అలా ఉంచి, ఉన్నవాటిని కాపాడుకోవాలన్నారు. అందరికీ అన్నీ చెప్పిన మనిషి తన రక్తం ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోలేదు.

సిగ్గుతో అతను ఇంటికి రావడం మానేశాడు. ఓ ఆదివారం అక్కయ్యే అతని గదికి వెళ్ళింది. మెట్లెక్కుతుండగానే ఆమె నోట్లో మాటలు వరస కట్టాయట. తీపి మానెయ్, పొద్దున్నే నడువు, పాదాలు జాగ్రత్తగా చూసుకో. తలుపు తెరిచేసరికి నాలుక చివర నిలబడి ఉన్నాయి. అవన్నీ మింగడం ఎంత కష్టమో ఆరోజే తెలిసిందని నాతో అంది.

గదిలో మంచం మీద దుప్పటి కూడా మడతపెట్టలేదు. అతను ఆమె మొహం చూడకుండా కుర్చీ జరిపాడు.

"భయమేస్తోందా?" అంది ఆమె.

అతను తలూపాడు. "మీ తోడికోడలు మంచాన ఉన్నప్పుడు నేనేమీ చెప్పలేదు వదినా. డాక్టర్లు చూసుకుంటారు కదా అని నోరు మూసుకుని కూర్చున్నాను. అది పోయింది. ఏదో ఒకటి చెప్పి ఉంటే, ఎవరినో ఒకరిని అడిగి ఉంటే అని..."

ఆమె దుప్పటి మడతపెట్టింది. స్టవ్ వెలిగించి ఇద్దరికీ టీ పెట్టింది, అతనిది పంచదార లేకుండా. అతను ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టాడు. అయినా గ్లాసు ఖాళీ చేశాడు.

మాస్టారు ఇప్పటికీ మిషన్ మీదే నడుస్తున్నాడు. దాతల కోసం ఎదురుచూసేవాళ్ళ వరసలో పేరుంది, ఆ వరస కదిలినప్పుడు కదులుతుంది. అన్నదమ్ములిద్దరూ కలిసే ఆసుపత్రికి వెళ్తారు. ఒకాయన మిషన్ గదికి, ఇంకొకాయన షుగరు డాక్టరుకి. తిరిగొచ్చేటప్పుడు బండిలో కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలని పోట్లాడుకుంటారని గాలి మాస్టారు ఫిర్యాదు.

నిన్న రద్దీ తగ్గాక టీ గ్లాసు అందిస్తూ అడిగాను.

"ఇంతకీ మీ మరిదిగారి షుగరు తగ్గిందా అక్కయ్యా?"

"తగ్గింది" అంది. గ్లాసు అందుకుని, చెక్క మీదుగా ఒంగింది. "ఎలా తగ్గిందని మాత్రం ఆయన్ని అడక్కు తమ్ముడూ. సాయంత్రం దాకా ఖాళీ ఉంటే తప్ప."